తల ఊపితే చాలదు

మా అక్క పెద్దకూతురికి నెలకోసారి, ఒక్కోసారి అంతకంటే ముందే, రక్తం ఎక్కించాల్సి వచ్చేది. పుట్టి ఏడాది నిండకుండానే జబ్బు బయటపడింది. తలసీమియా అన్నారు. ఒంట్లో రక్తం తయారవుతుంది గాని నిలవదు. అందుకని ఆత్మకూరులో పొద్దున్నే బస్సెక్కి, సంగం మీదుగా నెల్లూరు పోయి, రక్తం ఎక్కించుకుని సాయంత్రానికి తిరిగి రావడం ఆ ఇంట్లో బియ్యం తెచ్చుకున్నంత మామూలు పని అయిపోయింది. అక్కకు కుదరనప్పుడు నేను ఉదయగిరి నుంచి వచ్చి పాపను తీసుకెళ్ళేదాన్ని.

పెద్దపాపకు ఒక ఆట ఉండేది. ఆ రక్తం ఎవరిదై ఉంటుందో ఊహించడం.

"పిన్నీ, ఈసారి ఎవరో పోలీసాయన ఇచ్చినాడు. ఊరికే కోపం వస్తా ఉండాది" అనేది. మరో నెల, "ఇది ఎవరో ముసలామెది. పడుకోబుద్ధవతా ఉండాది" అనేది. ఒకసారి తిరుగు బస్సులో పక్కసీటామె చేతిలోని బజ్జీల వంక అదే పనిగా చూసి, ఆమె ఒకటి చేతిలో పెట్టాక నా వైపు తిరిగింది. "ఎవురో తిండిపోతుది ఎక్కించినారు. నేనేం జేసేది?"

నవ్వేదాన్ని. కానీ ఒంట్లో ఇనుము పేరుకుపోయి దాని మొహం నల్లబడుతూ వచ్చింది. పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది. తన ఈడు పిల్లలకంటే తలకాయంత పొట్టిగా ఉండేది. ఇలా ఎన్నాళ్ళని అక్క ఎప్పుడూ అడగలేదు. బావ మాత్రం ప్రతి డాక్టరునూ అడిగేవాడు. వాళ్ళు మందులు వాడమనేవాళ్ళు.

అక్కను మా అమ్మ సొంత అన్న కొడుక్కే ఇచ్చారు. ఆ సంబంధం కలిపింది అవ్వ. అమ్మకు తల్లి, బావకు నాయనమ్మ. బయటివాళ్ళింట్లో పిల్ల ఎలా ఉంటుందోనన్న దిగులు ఉండదని ఆమె ఆలోచన. మేము తాతల కాలం నుంచి బాప్టిస్టులం. మా పక్క క్రైస్తవుల్లోనూ మేనరికం అందరికీ ఉన్నదే. పెళ్ళికి ముందు రక్తపరీక్ష అన్న మాట ఎవరి నోటా రాలేదు. పాపకు జబ్బు తేలాక అందరినీ పరీక్షిస్తే అక్కలోనూ బావలోనూ అమ్మలోనూ నాలోనూ అదే లోపం దాక్కుని ఉందని తెలిసింది. అవ్వలోనూ ఉంది. దాగి ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. అలాంటివాళ్ళు ఇద్దరు కలిస్తేనే పుట్టే బిడ్డకు ప్రమాదం.

"నా కడుపులో నుంచి వచ్చిందా ఇది?" అని అవ్వ ఒక్కసారే అడిగింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. దాంతో డాక్టర్లు చెప్పినదాన్ని ఇంట్లో వాళ్ళకు చెప్పే పని నా మీద పడింది. నలుగురిలో నోరు విప్పడం చేతగాని నేను ఆ ఇంట్లో దుబాసీనయ్యాను. పరీక్షల్లో నాలుగు గళ్ళు గీసి మార్కులు తెచ్చుకున్న పాఠమే అది. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం ఉంటే నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు రావచ్చు అని చెప్పాను.

"అయితే ఆ ఒకటి అయిపొయ్యింది గదా" అన్నాడు బావ. "ఇంక పుట్టేటోళ్ళకి రాదన్నమాట."

"ప్రతి కాన్పుకీ మళ్ళా మొదటి నుంచే లెక్క బావా."

"మరి నాలుగని ఎందుకు చెప్పేది? ఎప్పుడూ రావచ్చని చెప్తే సరిపోతుంది గదా."

అతను కోపంగానే అన్నాడు. గళ్ళు గీసి చూపించిన కాగితాన్ని నేను మడిచి పెట్టేశాను.

చెన్నైలో పెద్ద డాక్టరు మూలుగ మార్చవచ్చన్నాడు. రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. పాపకున్న మూలుగను మందులతో పూర్తిగా చంపేసి, సరిపోయే వాళ్ళ నుంచి తీసిన మంచి మూలుగను ఎక్కిస్తే, అది కుదురుకుంటే, జబ్బే ఉండదు. మా ఇంట్లో ఎవరిదీ సరిపోలేదు. బయటి దాతల్లోనూ దొరకలేదు. కొన్ని దేశాల్లో జబ్బు ఉన్నవాళ్ళ మూలుగనే బయటికి తీసి, జన్యువులో లోపాన్ని సరిచేసి మళ్ళీ వాళ్ళకే పెడుతున్నారని నేను చదివాను. అదయితే ఇంకొకరి ఎముకతో పని లేదు. బావ చేత అడిగించాను. అది ఇంకా మనవాళ్ళ దాకా రాలేదన్నాడు డాక్టరు. రాదని కాదు, పాప అంతకాలం ఆగగలదో లేదో చెప్పలేనన్నాడు.

తర్వాత ఆయనే ఇంకో దారి చెప్పాడు. అక్క మళ్ళీ తల్లి కావచ్చు. మామూలుగా కాదు. పిండాలను బయట తయారుచేసి, ఒక్కోదాని జన్యువులను పరీక్షించి, జబ్బు లేనిదీ, పాపకు మూలుగ సరిపోయేదీ ఏరి, దాన్నే కడుపులో పెడతారు. పుట్టిన బిడ్డ కాస్త పెరిగాక తుంటి ఎముక నుంచి మూలుగ తీస్తారు. బిడ్డకు ప్రమాదం లేదు, కొన్నాళ్ళు నొప్పి అంతే అన్నాడు.

అలాగే చేశారు. పిండాల్లో కొన్ని జబ్బువి. వాటిని పక్కన పెడతారని నాకు ముందే తెలుసు. కొన్ని ఏ జబ్బూ లేనివి, కాని పాపకు సరిపోనివి. వాటినీ పక్కన పెట్టారు. వాటి విషయం నేను ముందుగా ఆలోచించలేదు. వాటిలో ఏ లోపమూ లేదు. పెద్దపాపకు పనికిరావు, అంతే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. పెద్దపాప ఆమె ఒళ్ళో నిద్రపోతోంది. చాలాసేపటికి, "మన పెద్దదాన్ని కూడా అట్టా ముందే చూసుంటే, పక్కన పెట్టేసుందురు గదా" అంది. నేను పాప కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

ఊళ్ళో సంగతి దాగలేదు. అక్క వాళ్ళ వీధి చివర కిరాణా అంగడి ఉంది. అంగడామె అక్కకు మంచి స్నేహితురాలే. కందిపప్పు తూస్తూ అడిగింది.

"ఎంచుకునే వీలుందంట గదా మే. ఆ చేత్తోనే కాస్త తెల్లగా ఉండేదాన్ని అడగకపొయ్యినారా? మీ ఇంట్లో అందరూ మా చింతపండు రంగే."

"నీ అంగట్లో బియ్యమా, పాతయ్యా కొత్తయ్యా అని అడిగేదానికి?" అంది అక్క.

రెండో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టాక, "అంత తిరిగి మళ్ళా ఆడబిడ్డేనా! అదన్నా అడగలేదా?" అంది.

"అది అడిగితే జైల్లో ఏస్తారు మే" అంది అక్క.

ముగ్గురం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి నేను డైరీలో రాసుకున్నాను: రంగు అడగమన్నామెను చూసి నవ్వాం. మేము అడిగింది మాత్రం ఏమిటి? పుట్టని బిడ్డ ఎముకల్లో ఏముండాలో అడిగాం. మాకు అవసరం ఉంది, ఆమెకు సరదా. తేడా అంతేనా? ఆ రోజు ఇంకేమీ రాయలేదు.

మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. గుడికి తీసుకెళ్ళి ప్రార్థన చేయించి, దేవునికి ప్రతిష్ఠించి తీసుకొస్తారు. బాప్తిస్మం మాత్రం పిల్లలు పెరిగి, తమ నోటితో తాము అడిగినప్పుడే. తల్లిదండ్రులు అడిగితే చెల్లదు. చిన్నపాప ప్రతిష్ఠ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ తన బాప్తిస్మం కథ చెప్పింది. మేమందరం చాలాసార్లు విన్నదే.

అవ్వది అనంతసాగరం పక్కన పల్లె. చిన్నప్పుడు తోటి పిల్లలతో పాటు ఆమెనూ నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇవ్వడానికి పెన్నలోకి తీసుకెళ్ళారట. పాస్టరు అయ్యగారు నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఇష్టమేనా అని అడిగారట.

"నాకు నీళ్ళంటే భయం. వద్దన్నాను. మా నాయన గట్టున నిలబడి పళ్ళు కొరకతా ఉండాడు. అయ్యగారు సరేలే తల్లీ, ఒడ్డుకు పో అన్నాడు. తడిసిన పావడాతో ఇంటికొచ్చినాను. ఒక్కరూ తిట్టలా. పెద్దదాన్నయినాక నేనే పొయ్యి అడిగినా."

"నీళ్ళ భయం పొయ్యిందా అప్పటికి?" అని పెద్దపాప అడిగింది.

"యాడ పొయ్యింది? ఇప్పటికీ ఉండాది."

అవ్వ ఆ రోజు కథ ఎందుకు చెప్పిందో నాకు తర్వాత అర్థమైంది. చిన్నపాపకు రెండేళ్ళు కావస్తుండగా చెన్నై నుంచి రమ్మని కబురొచ్చింది. బట్టలు సర్దుతుంటే అవ్వ గడపలో కూర్చుని అడిగింది.

"వాళ్ళు అడగందే మనం బిడ్డల్ని నీళ్ళల్లో కూడా ముంచం గదరా. ఎముకలో నుంచి ఎట్టా తీస్తారు?"

బావ చేతిలో సంచి కింద పెట్టాడు. "దానికి మాటలొచ్చి, బుద్దొచ్చి, అది అడిగేదాకా పెద్దది ఉంటాదా అవ్వా?"

అవ్వ లేచి పెద్దపాప తలకు నూనె రాసి జడ వేసింది. మందులతో ఆ జుట్టంతా రాలిపోతుందని నేను ముందే చెప్పి ఉన్నాను. అయినా గట్టిగా, వదులు కాకుండా అల్లింది.

మొదటిసారి అంతా బాగానే జరిగింది. చిన్నపాప మత్తు నుంచి లేచి ఏడ్చింది. నడుము కింద రెండు వైపులా కమిలిన మచ్చలు. కొన్నాళ్ళు కుంటుతూ నడిచింది. ఎందుకని దానికి తెలియదు. ఎవరు చేశారో కూడా తెలియదు. అక్క ఆస్పత్రిలో పెద్దదాని దగ్గర ఉండిపోతే, చిన్నది నా చంక దిగలేదు. నేను ఎక్కువ మాట్లాడను, అది నాకంటే తక్కువ మాట్లాడుతుంది. మా ఇద్దరికీ కుదిరింది. చదువు చెప్పే పని ఆత్మకూరులోనే ఒక ప్రైవేటు బడిలో చూసుకుని వాళ్ళింట్లోనే ఉండిపోయాను.

పెద్దపాప కోలుకుంది. రక్తం ఎక్కించే పని లేకుండా ఒక ఏడాది గడిచింది. జుట్టు మళ్ళీ వచ్చింది, ముందుకంటే ఒత్తుగా. తర్వాత పరీక్షల్లో చెల్లెలి మూలుగ భాగం తగ్గుతోందన్నారు. ప్రతిసారీ ఇంకాస్త తగ్గుతోంది. దాని పాత మూలుగ లోపల ఎక్కడో మిగిలి ఉండి, కొత్తదాన్ని నెట్టేస్తోంది. మళ్ళీ రక్తం ఎక్కించడం మొదలైంది. ఈసారి పెద్దపాప ఎవరి రక్తమో చెప్పే ఆట ఆడలేదు. కళ్ళు మూసుకుని పడుకునేది.

ఇంకోసారి చేయాలన్నాడు డాక్టరు. అదే చెల్లెలి నుంచి. ఆలస్యం చేస్తే గుండె తట్టుకోదన్నాడు.

అప్పటికి చిన్నపాపకు మూడేళ్ళు దాటాయి. మాటలు బాగా వచ్చాయి, వాడదు గాని. ఈసారి అవ్వ గడపలో కూర్చోలేదు. నడింట్లోకి వచ్చి నిలబడింది.

"అప్పుడు నోరు లేదు, అడగలా. ఇప్పుడు నోరొచ్చింది. అడగండి."

"మూడేళ్ళ బిడ్డకి ఏం తెలుస్తాదవ్వా?"

"నొప్పి తెలుస్తాది గదా. అడుగు."

బావ కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత అతని మొహం తేటపడింది. "సరే, అడుగుదాం. వాళ్ళ పిన్ని అడిగితే కాదనదు" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. అది నా మాట కాదనదని నేను కూడా అనుకున్నాను. కాదంటే ఏమిటన్నది ఆ ఇంట్లో ఎవరమూ అనుకోలేదు.

చిన్నపాప అరుగు మీద చెక్క గరిటెలతో ఆడుకుంటోంది. మా ఉదయగిరి నుంచి నాయన తెచ్చిచ్చినవి. పెద్దదాన్ని అమ్మ అని, చిన్నవాటిని పిల్లలని పెట్టుకుంటుంది. నేను పక్కన కూర్చున్నాను. తలుపు వెనక మిగిలినవాళ్ళున్నారని నాకు తెలుసు.

"అక్కకి మళ్ళీ బాగాలేదమ్మా" అన్నాను. "నీ ఎముకలో మంచి రక్తం ఉండాది. కొంచెం అక్కకి ఇస్తావా?"

"మళ్ళా ఆడికి పోవల్లా?"

ఆస్పత్రి దానికి గుర్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"పోవాల. నేను కూడా వస్తాను."

"సూదా?"

"నిద్రపుచ్చి తీస్తారు. అప్పుడు తెలీదు."

"లేచినాక?"

అబద్ధం చెప్పొచ్చు. అవ్వ వింటోందని కాదు, దాని మొహంలోకి చూస్తూ చెప్పలేకపోయాను. "నొప్పి పెడతాది. కొన్ని రోజులు" అన్నాను.

అది గరిటెలన్నీ ఒక వరసలో పెట్టింది. మళ్ళీ కలిపేసింది.

"వద్దు" అంది.

"అక్క పాపం గదా."

"అక్కకి ఈ గరిటెలు ఇస్తా. అన్నీ ఇస్తా. అది వద్దు."

పెద్ద గరిటెతో సహా అన్నీ పోగుచేసి నా ఒళ్ళో పెట్టింది.

లోపలికి వెళ్ళేసరికి అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. "అయిపొయ్యింది. అడిగినారు, చెప్పింది."

"మూడేళ్ళ బిడ్డ మాట పట్టుకుని పెద్దదాన్ని చంపుకుందామా?" అన్నాడు బావ.

"చంపుకోమని నేను చెప్పలా."

"మరేం జెయ్యమంటావు? చెప్పు."

"నాకు తెలీదురా." అవ్వ చాలా నెమ్మదిగా అంది. "నాకు తెలిస్తే చెప్పనా? కానీ అడిగి, కాదన్నాక తీసుకునేది, అడగకుండా తీసుకున్నదానికన్నా చెడ్డ."

"అడగమనింది నువ్వే గదా!"

"అవున్రా. నేనే."

అక్క ఇదంతా వింటూ బట్టలు మడత పెడుతోంది. చిన్నపాప గౌనులు రెండు తీసి నా చేతికిచ్చింది. "సంచిలో పెట్టు. వదులుగా ఉండేటియి పెట్టు, నడుం కాడ ఒత్తుకోకుండా" అంది. ఆ ఇంట్లో నిర్ణయం జరిగింది అంతే.

పెద్దపాపకు ఎవరు చెప్పారో తెలియదు. కారెక్కేటప్పుడు నా కొంగు పట్టుకుని, "అది వద్దనిందంట గదా" అంది. "మరెందుకు అడిగినారు?" బావ తలుపు వేశాడు. అవ్వ చెన్నై రాలేదు. కారు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి ఉంది.

ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ, పెద్దపాప ముందు కాకుండా, చిన్నపాపతో విడిగా మాట్లాడాలన్నది. మంచి మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని నవ్వుతూ, "మీ అక్కకి హెల్ప్ చేస్తావా బంగారం?" అని అడిగింది. చిన్నపాప నా భుజంలో మొహం దాచుకుంది. నర్సు నవ్వి, "సిగ్గు" అంది. "పిన్ని పోలికే" అన్నాడు బావ. డాక్టరమ్మ తల ఊపి ఏదో రాసుకుంది.

నాకు నా బాప్తిస్మం గుర్తొచ్చింది. ఆ రోజు అందరి ముందూ నీళ్ళలో నిలబడ్డాను. ఇష్టమేనా అని అయ్యగారు అడిగితే తల ఊపాను. ఆయన ఒప్పుకోలేదు. తల ఊపితే చాలదమ్మా, చెప్పాలి అన్నారు. సంఘమంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. ఆయన నీళ్ళలో అలాగే ఆగారు. నా నోటి నుంచి అవును అన్న మాట వచ్చేదాకా ఆగారు. సిగ్గుపడేవాళ్ళ మౌనాన్ని తమకు కావలసినట్టు తీసుకోని మనిషిని నేను అప్పుడు ఒక్కసారే చూశాను. ఇప్పుడు నా భుజం మీద ఈ పిల్ల మౌనంగా ఉంది. దాని మౌనానికి అర్థం నాకు తెలుసు. "ఇది వద్దనింది డాక్టరుగారూ" అనడానికి మూడు మాటలు చాలు. గాజు తలుపు అవతల పెద్దపాప చక్రాల కుర్చీలో కూర్చుని, మందులకు ముందే గొరిగించిన గుండు మీద టోపీ సర్దుకుంటోంది. నేను చెప్పలేదు. చిన్నపాపను లోపలికి నేనే ఎత్తుకుని తీసుకెళ్ళాను. మత్తు ఎక్కేదాకా అది నా వేలు పట్టుకునే ఉంది.

ఈసారి మూలుగ కుదురుకుంది. ఇప్పటికి కుదురుకుందనే చెబుతున్నారు. పెద్దపాప రక్తం గ్రూపే పూర్తిగా మారిపోయి చెల్లెలి గ్రూపు వచ్చింది. ఆ సంగతి తెలిసిన రోజు అది చాలా రోజుల తర్వాత తన పాత ఆట ఆడింది.

"ఇప్పుడు ఎవరిదో తెలుసు పిన్నీ. ఊరికే వద్దు వద్దు అనబుద్ధవతా ఉండాది."

ఎవరమూ నవ్వలేదు. అది నవ్విస్తుందనుకుని చెప్పింది, పాపం. మా మొహాలు చూసి తల తిప్పుకుంది.

పెద్దపాప బడికి పోతోంది. అంగడామె దానికి ఊరికే చాక్లెట్లు ఇస్తోంది. బావ రాత్రిళ్ళు నిద్రపోతున్నాడని అక్క చెప్పింది. ఇంకోసారి ఇలాంటి అవసరం రాదని మాత్రం ఏ డాక్టరూ చెప్పలేదు. వస్తే మళ్ళీ అదే చేస్తాం. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ అనుకోం గాని, అందరికీ తెలుసు. నాకు తెలుసు. చిన్నపాపకు కూడా తెలుసేమో.

దాని మచ్చలు తగ్గిపోయాయి. బాగా నడుస్తోంది, పరుగెత్తుతోంది. వాళ్ళక్కతో ఆడుకుంటుంది. గరిటెలు మళ్ళీ తీసుకుంది. ఒక్కటే మారింది. ఏదైనా అడిగితే జవాబు చెప్పదు. ఎవరడిగినా అంతే. ఏ గౌను వేసుకుంటావని అక్క అడిగినా, అంగడికి వస్తావా అని బావ అడిగినా, అడిగినవాళ్ళ మొహంలోకి అలా చూస్తూ నిలబడుతుంది. మొదట్లో అలిగిందనుకున్నాం. చెవి పరీక్ష కూడా చేయించారు. చెవులు బాగున్నాయి. అడగకుండా చెప్పే మాటలు చెబుతూనే ఉంటుంది, తన గరిటెలకు, అవ్వకు. అవ్వ దాన్ని ఏమీ అడగదు. పక్కన కూర్చుంటుంది.

ఈ పొద్దున కూడా మరిచిపోయి అడిగాను. "పాలా, రాగిజావా?"

నా మొహం చూసింది. అక్కడ ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

రెండు గ్లాసులూ దాని ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కొంచెంసేపాగి వచ్చి చూస్తే జావ గ్లాసు ఖాళీగా ఉంది.